ఫ్లాస్కులో పోసిన కాఫీ ఎంతసేపు పదిలం?

ఇంటికి వచ్చిన వారిని గ్లాసుడు కాఫీ అయినా ఇవ్వకుండా పంపడం మన ఇళ్ళలో మర్యాద అనిపించుకోదు. హైదరాబాదు, దాని చుట్టుపక్కల చాయ్‌దే రాజ్యం కావచ్చు. కానీ నెల్లూరు, చిత్తూరు, కడప వైపు ఎన్నో ముస్లిం కుటుంబాలలో తెల్లవారేసరికి ఫిల్టరులో డికాక్షన్ దిగుతూ ఉంటుంది. ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చే పెద్దవారికి ఒకసారి, పనికి బయలుదేరే మగవారికి ఒకసారి, పది గంటలకు పొరుగింటి ఆపా వస్తే మరొకసారి. ప్రతిసారీ పొయ్యి వెలిగించాలంటే ఎవరికైనా కష్టమే. అందుకే చాలామంది గృహిణులు ఒకేసారి ఎక్కువగా కలిపి గిన్నెలోనో, ఫ్లాస్కులోనో ఉంచుతారు. మిగిలితే సాయంత్రం మళ్ళీ మరగబెడతారు.

ఇందులో తప్పేముంది అని అడగవచ్చు. పారబోస్తే ఇస్రాఫ్, అంటే దుబారా అవుతుందన్న భయం వారిది. ఆ భయం మంచిదే. ఆ భయంతోనే ఎందరో తల్లులు, అత్తలు అందరికీ తాజా కాఫీ ఇచ్చి, ఉదయం మిగిలినది తాము తాగుతారు. అయితే దుబారాను తప్పించుకోబోయి జబ్బును కొనితెచ్చుకోవడం వివేకం కాదు. ధనం అమానత్ అయినట్లే ఆరోగ్యమూ మన దగ్గర ఉంచిన అమానతే. కాబట్టి తయారైన కాఫీని ఎలా దాచాలి, ఎంతసేపు దాచాలి, ఎప్పుడు వదులుకోవాలి అనేది ప్రతి ఇంటిలోనూ తెలిసి ఉండవలసిన విషయం.

ఖహ్వాలో పాలు లేవు

కాఫీ పానీయంగా ప్రచారంలోకి వచ్చింది యెమెన్ దేశంలో. 15వ శతాబ్దంలో అక్కడి సూఫీలు రాత్రివేళ జిక్ర్ చేసేటప్పుడు కునుకు రాకుండా దీనిని సేవించేవారు. అరబ్బీలో దీని పేరు ఖహ్వా. 1511లో మక్కాలో ఖాయిర్ బేగ్ అనే అధికారి దీనిని నిషేధించాడు గాని, కైరో పాలకులు ఆ నిషేధాన్ని నిలవనివ్వలేదు. కైరోలోని యెమెనీ సూఫీలు ఎర్రమట్టి పాత్రలో ఖహ్వా పోసుకునేవారనీ, వారి పెద్ద చిన్న గరిటెతో ముంచి వరుసగా అందరికీ అందించేవాడనీ 16వ శతాబ్దపు రచయిత అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ గ్రంథం వల్ల తెలుస్తోంది.

మన దేశానికి వస్తే, 17వ శతాబ్దంలో హజ్ నుంచి తిరిగి వస్తూ బాబా బుడన్ అనే సూఫీ ఏడు గింజలు తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలలో నాటారని ప్రతీతి. ఆ కొండలను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మన అరకు లోయలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ చరిత్రను గుర్తుచేయడానికి కారణం ఉంది. సూఫీలు తాగిన ఖహ్వాలో పాలు లేవు. నేటికీ అరబ్బులు దల్లా అనే కూజా నుంచి చిన్న ఫింజాన్లలో వంచి ఇచ్చే ఏలకుల ఖహ్వాలోనూ పాలు ఉండవు. మన కాఫీలో మాత్రం సగానికి పైగా పాలే. దాచుకునే విషయంలో తేడా అంతా ఇక్కడే వస్తుంది.

పాలు కలిస్తే లెక్క మారుతుంది

పాలు, చక్కెర కలపని నల్ల కాఫీలో సూక్ష్మక్రిములు బతకడానికి కావలసిన ఆహారం తక్కువ. అందువల్ల అది కొన్ని గంటలు బయట ఉంటే రుచి చెడుతుందే గాని, వెంటనే ప్రమాదకరం కాదు. పాలు అలాంటివి కావు. వాటిలో మాంసకృత్తులు, చక్కెర, కొవ్వు, నీరు అన్నీ ఉన్నాయి. మన పిల్లలను పెంచే ఆహారమే క్రిములనూ పెంచుతుంది.

5 డిగ్రీల సెల్సియస్‌కూ 60 డిగ్రీలకూ నడుమ ఉండే వేడి క్రిములకు అనుకూలమైనది. ఫ్రిజ్జులో సరైన చల్లదనం ఉంటే 5 డిగ్రీలకు లోపలే ఉంటుంది. పొగలు కక్కే కాఫీ 60 డిగ్రీలకు పైన ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నదే మనం గోరువెచ్చన, నులివెచ్చన అని పిలిచే స్థితి. అక్కడ కొన్ని రకాల క్రిములు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలవు. లెక్కలు చెప్పే వారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక్క క్రిమి గంటకు 8 అవుతుంది, రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096.

అందుకే పాలు కలిపిన ఏ పానీయమైనా మామూలు వాతావరణంలో రెండు గంటలకు మించి బయట ఉంచరాదన్నది ఆహార భద్రతా నిపుణుల సూత్రం. వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. మన వేసవి మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటుతాయి. అంటే మన వంటింట్లో వేసవిలో పాల కాఫీకి గంటకు మించిన ఆయుష్షు లేదన్నమాట.

మళ్ళీ మరిగిస్తే సరిపోదా?

చాలామంది ఇళ్ళలో వినిపించే మాట ఇది. 'పొంగు వచ్చేదాకా మరిగిస్తే క్రిములు చస్తాయి కదా' అంటారు. సగం మాత్రమే నిజం. మరిగిస్తే బతికి ఉన్న క్రిములు చాలావరకు చస్తాయి. కానీ కొన్ని క్రిములు చనిపోయే ముందే పాలలోకి విషాన్ని వదిలి ఉంటాయి. బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి వదిలే వాంతుల విషం, స్టెఫిలోకాకస్ అనే క్రిమి వదిలే విషం మరిగించినా నశించవు. దొంగ పారిపోయినా వాడు పెట్టిన నిప్పు ఇంట్లో మిగిలినట్లే ఇదీ.

'ప్యాకెట్ పాలు శుద్ధి చేసినవే గదా' అన్నది రెండవ ప్రశ్న. పాశ్చరైజేషన్ వల్ల రోగకారక క్రిములు నశిస్తాయి. అయితే బాసిల్లస్ సెరియస్ వంటివి గట్టి పెంకు గల బీజాల రూపంలో ఆ వేడిని తట్టుకుని నిలుస్తాయి. మనం ఇంట్లో పాలు కాచినా అవి మిగలవచ్చు. పాలు చల్లారి గోరువెచ్చన కాగానే ఆ బీజాలు మొలకెత్తుతాయి. పైగా గిన్నెలో ముంచిన గరిటె, తుడిచిన గుడ్డ, మన చేతులు కొత్త క్రిములను చేరుస్తాయి.

మరో మాట. విరిగిన పాలు కంటికి కనిపిస్తాయి, పులిసిన వాసన ముక్కుకు తెలుస్తుంది. ఈ విషాలకు రంగు లేదు, వాసన లేదు. కాఫీ చేదు, చక్కెర తీపి కలిసి పాల రుచిలో వచ్చిన చిన్న తేడాను సైతం కప్పేస్తాయి. కాబట్టి 'వాసన చూశాను, బాగానే ఉంది' అన్నది నమ్మదగిన పరీక్ష కాదు. గడియారమే నమ్మదగిన పరీక్ష.

ఇలాంటి ఆహారం పడకపోతే ఒకటి నుంచి ఆరు గంటలలోపు వాంతులు, కడుపునొప్పి మొదలుకావచ్చు. ఆరోగ్యవంతులు ఒక రోజులో కోలుకుంటారు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం నీరసించిపోతారు. ఓఆర్ఎస్ కలిపిన నీరు కొద్దికొద్దిగా తాగిస్తూ, వాంతులు ఆగకపోతే వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

గల్ఫ్ ఫ్లాస్కు, మన ఫ్లాస్కు

మన జిల్లాల నుంచి ఎందరో సోదరులు సౌదీ, కువైట్, దుబాయ్ వెళ్ళి పనిచేస్తున్నారు. వస్తూ వస్తూ అందమైన ఫ్లాస్కులు తెస్తారు. అక్కడ ప్రతి మజ్లిస్‌లో ఉదయం నుంచి ఫ్లాస్కు నిండా ఖహ్వా ఉండటం వారు చూశారు. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చారు. అయితే అక్కడ ఫ్లాస్కులో ఉన్నది నల్లని ఖహ్వా. ఇక్కడ మనం అదే ఫ్లాస్కులో పాల కాఫీ నింపుతున్నాం. పాత్ర ఒక్కటే, పదార్థం వేరు.

ఫ్లాస్కు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోకుండా కాపాడుతుంది. రెండు గోడల నడుమ గాలి తీసేసిన పాత్రను 1892లో జేమ్స్ డేవర్ అనే శాస్త్రవేత్త రూపొందించాడు. గాలి లేనిచోట వేడి తేలికగా దాటలేదు, అదే దాని రహస్యం. అయినా మూత గుండా వేడి మెల్లగా పోతూనే ఉంటుంది. సగమే నింపినా, మాటిమాటికీ మూత తీసినా త్వరగా చల్లారుతుంది. 60 డిగ్రీలకు దిగిన తరువాత ఆ ఫ్లాస్కే క్రిములకు వెచ్చని ఉయ్యాల అవుతుంది. బయట పెట్టిన గిన్నె కొంతసేపటికి చల్లబడుతుంది, ఫ్లాస్కులోని పాలు మాత్రం గంటల తరబడి అదే నులివెచ్చదనంలో ఉంటాయి.

రంజాన్ నెలలో ఈ పొరపాటు ఎక్కువ. ఇషా తరువాత పాల కాఫీ కలిపి ఫ్లాస్కులో పోసి, సహరీకి తాగుదామని ఉంచుతారు. ఆరేడు గంటలు గడుస్తాయి. మా వద్ద చదువుకునే ఒక అబ్బాయి రెండేళ్ళ క్రితం అలాంటి కాఫీతో సహరీ చేసి, సూర్యోదయం కాకముందే వాంతులతో మంచం పట్టాడు. నీళ్ళు తాగమంటే రోజా పోతుందని ఏడ్చాడు. రోగికి ఉపవాసం విరమించి తరువాత పూర్తిచేసుకునే అనుమతి షరీఅత్ ఇచ్చిందని పెద్దలు నచ్చజెప్పవలసి వచ్చింది. వైద్యం అందాక కోలుకున్నాడు, అల్ హందులిల్లాహ్. కానీ ఆ బాధ రాకుండా ఆపడం ఎంత తేలిక! పాలు సహరీ వేళ కాచుకుంటే చాలు.

దాచవలసింది డికాక్షన్

దీనికి మార్గం మన ఇరానీ హోటళ్ళే చూపుతున్నాయి. అక్కడ చాయ్ డికాక్షన్ ఒక పాత్రలో దమ్ మీద ఉంటుంది. పాలు మరో పాత్రలో మరుగుతుంటాయి. కప్పులోకి వచ్చేటప్పుడే రెండూ కలుస్తాయి. ఇంట్లో కాఫీకీ ఇదే పద్ధతి పాటించాలి. దాచవలసింది పాల కాఫీని కాదు, డికాక్షన్‌ను.

పద్ధతి ఇది. మరిగిన నీటిని పొయ్యి మీద నుంచి దించి, అర నిమిషం ఆగి ఫిల్టరులో పోయండి. డికాక్షన్ పూర్తిగా దిగాక పై గిన్నెలోని పిప్పిని వెంటనే తీసేయండి. తడి పిప్పి అలాగే ఉంటే బూజు పడుతుంది. దాని మీద మళ్ళీ నీళ్ళు పోసి తీసే రెండో డికాక్షన్ చేదెక్కి ఉంటుంది, అది దాచడానికి పనికిరాదు.

అప్పటికి కావలసినంత వాడుకుని, మిగిలిన డికాక్షన్‌ను చక్కెర కలపకుండా శుభ్రమైన చిన్న గాజు సీసాలో పోయండి. వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టిన సీసా కావాలి. మెడ దాకా నింపితే లోపల గాలి తక్కువ ఉంటుంది, వాసన నిలుస్తుంది. సీసాను చల్లని నీళ్ళ గిన్నెలో అరగంట ఉంచి, బిగుతుగా మూతపెట్టి ఫ్రిజ్జులో పెట్టండి. తలుపు అరలో కాకుండా లోపలి అరలో ఉంచాలి, తలుపు తీసినప్పుడల్లా అక్కడి చల్లదనం తగ్గుతుంది. మూత సరిగా లేకుంటే ఉల్లిపాయ, మసాలా వాసనలు పడతాయి.

ఇలా ఉంచిన డికాక్షన్ మొదటి 24 గంటలలో చక్కగా ఉంటుంది. రెండు, మూడు రోజులలోపు ముగించాలి. అంతకన్నా ఎక్కువ ఉంచాలంటే ఐసు పెట్టెలో గడ్డలుగా చేసి, గడ్డకట్టాక మూత గల డబ్బాలోకి మార్చుకుని నెలలోపు వాడుకోవచ్చు. ఒక్కరే ఉండే వృద్ధులకు ఇది ఎంతో వీలు. కప్పులో రెండు గడ్డలు వేసి, మరుగుతున్న పాలు పోస్తే కాఫీ సిద్ధం.

ఫ్రిజ్జు లేని ఇళ్ళవారు దిగులు పడనక్కరలేదు. ఉదయం తీసిన నల్ల డికాక్షన్‌ను మూతపెట్టి చల్లని చోట ఉంచి ఆ పూటకు వాడుకోవచ్చు. సాయంత్రానికి కొత్తగా తీయడం మేలు. రాత్రిపూట పాత్రలపై మూత ఉంచమన్న దైవప్రవక్త (స) బోధన బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. వంటింట్లో ఈ ఒక్క అలవాటు ఎన్నో బాధలను తప్పిస్తుంది.

రుచి ఎందుకు పోతుంది?

కాఫీ వాసన ఎగిరిపోయే గుణం గల వందలాది పదార్థాల కలయిక. గది నిండా వాసన వస్తోందంటే కప్పులోంచి అది తరలిపోతోందని అర్థం. గాలి తగిలిన కొద్దీ మిగిలినదీ మారిపోతుంది. పొయ్యి మీద సన్నని సెగన ఉంచితే ఇంకా నష్టం. కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. పులుపు, వగరు కలిసిన ఘాటు రుచి దానివల్లే వస్తుంది.

కాబట్టి డికాక్షన్‌ను ఎప్పుడూ నేరుగా మరిగించవద్దు. చల్లని డికాక్షన్‌ను కప్పులో పోసి, దానిపై మరుగుతున్న పాలు పోయండి. ఇంకా వేడి కావాలంటే డికాక్షన్ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచండి. ఒక్కసారికి కావలసినంతే తీయండి. మిగిలినదాన్ని తిరిగి సీసాలో పోయకండి.

నిల్వ వల్ల వాసన తగ్గుతుంది గాని కెఫీన్ తగ్గదు. నిన్నటి డికాక్షన్ కూడా నిద్రను చెడగొడుతుంది. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్‌కు మించకుండా చూసుకోవాలని వైద్యులు సూచిస్తున్నారు. ఇంట్లో గర్భవతి అయిన కోడలు, కూతురు ఉంటే పల్చని కాఫీ రోజుకు ఒకటి, రెండు కప్పులతో ఆపడం మంచిది.

పాత్రల సంగతి

కాఫీలో పులుపు గుణం ఉంది. కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రలలో దానిని గంటల తరబడి ఉంచితే లోహం కాఫీలోకి దిగుతుంది. పాత ఇత్తడి ఫిల్టరు మీద మమకారం ఉంటే కళాయి పూయించి వాడండి, డికాక్షన్ దిగాక వేరే పాత్రలోకి మార్చండి. దాచడానికి గాజు, స్టీలు శ్రేష్ఠం. హోటలు నుంచి వేడి కాఫీని పల్చని ప్లాస్టిక్ సంచులలో కట్టించుకు రావడం మానాలి. ఇంటి నుంచి స్టీలు క్యాను తీసుకువెళ్ళడం పెద్ద కష్టం కాదు.

ఫ్లాస్కు వాడేటప్పుడు ముందుగా మరిగిన నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు కాఫీ నింపండి. పాల కాఫీ అయితే రెండు గంటలలో తాగేయాలి. మూత తీసినప్పుడు గడగడా తాగగలిగేంత చల్లారి ఉంటే, దాన్ని వేడిచేసి వాడే ఆలోచన పెట్టుకోవద్దు. ఆసుపత్రిలో రోగి దగ్గరకు, రైలు ప్రయాణానికి తీసుకువెళ్ళేవారు ఫ్లాస్కులో నల్ల డికాక్షన్‌గాని, వట్టి వేడినీళ్ళుగాని తీసుకువెళ్ళి, పాలపొడి అక్కడ కలుపుకోవడం క్షేమం.

వాడాక వెంటనే కడగండి. వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా వేసి అరగంట నింపి ఉంచితే మరక, వాసన పోతాయి. మూతలోని రబ్బరు వాషరును విప్పి విడిగా తోమాలి. పాల జిడ్డు దాక్కునేది అక్కడే. కడిగిన ఫ్లాస్కును మూతపెట్టకుండా బోర్లించి ఆరబెట్టాలి.

విందులలో, ఇఫ్తార్లలో

వలీమా, చాలీస్వాన్ వంటి సందర్భాలలో, మస్జిదు ఇఫ్తార్లలో వందమందికి ఒకే హండాలో కాఫీ కలుపుతారు. ఒక ఇంట్లో తప్పు జరిగితే నలుగురు బాధపడతారు, ఇక్కడ జరిగితే మహల్లా అంతా బాధపడుతుంది. కాబట్టి డికాక్షన్ ముందుగా తీసి వేరుగా ఉంచండి. పాలను పొయ్యి మీద పొగలు వస్తూనే ఉండేలా చూడండి. ఇరవై, ముప్ఫై మందికి సరిపడా విడతలుగా కలపండి. అడుగున మిగిలిన పాత కాఫీ మీద కొత్తది పోయకండి. పాతదాని క్రిములు కొత్తదానికి అంటుకుంటాయి. పంచేవారు చేతులు కడుక్కోవాలి, గ్లాసును హండాలో ముంచకుండా గరిటె వాడాలి.

ఈ మధ్య యువకులు చల్లని కాఫీ కూడా ఇంట్లో చేసుకుంటున్నారు. పొడిని చల్లని నీటిలో 12 నుంచి 18 గంటలు నానబెట్టే ఈ పద్ధతిలో మరిగించడమే ఉండదు. కాబట్టి ఆ పాత్రను మొదటి నుంచీ ఫ్రిజ్జులోనే ఉంచాలి. గాలి చొరని సీసాలో బిగించి బయట నెలల తరబడి దాచే ప్రయత్నం చేయరాదు. కాఫీలోని పులుపు బొటులినమ్ అనే ప్రాణాంతక క్రిమిని ఆపగలిగేంత గట్టిది కాదు. ఈ ప్రమాదం ఉండవచ్చన్న అనుమానంతోనే అమెరికాలో 2017లోనూ, 2024లోనూ డబ్బాల్లో అమ్మిన కాఫీని కంపెనీలు వెనక్కి తెప్పించుకున్నాయి.

కొలిచి చేయడమే పొదుపు

ఇక ఇస్రాఫ్ మాట. రెండు గంటలు దాటిన పాల కాఫీని పారబోయడం దుబారా కాదు, అవసరానికి మించి కలపడమే అసలు దుబారా. ఇంట్లో ఎందరు తాగుతారో అందరి కప్పులతో పాలు కొలిచి పొయ్యి మీద పెడితే పారబోసే పనే ఉండదు. అతిథి వస్తాడేమోనని కాఫీ కలిపి ఉంచనక్కరలేదు, ఫ్రిజ్జులో డికాక్షన్ సీసా, కాచని పాలు ఉంటే ఐదు నిమిషాలలో తాజా కాఫీ ఇవ్వగలం. అతిథికీ గౌరవం, మనకూ నిశ్చింత.

సోదరీమణులారా! ఇల్లంతా నిద్రలో ఉండగా లేచి అందరి కడుపు చూసేది మీరు. మిగిలినది మనమే తాగుదాంలే అన్న త్యాగం మీ ఆరోగ్యానికి చేటు చేయకూడదు. సోదరులారా! ఇంకో కప్పు కావాలని అడిగేటప్పుడు, మీరే లేచి పాలు కాచడం చిన్నతనం కాదు. ఈ రోజు జుమా నమాజు నుంచి తిరిగి రాగానే ఇంట్లోని ఫ్లాస్కు మూత విప్పి, ఆ రబ్బరు వాషరు కింద ఏముందో ఒకసారి చూడండి.